80–20 అంటారు సరే, దేనిలో 80? అమెరికా ఐటీ కాంట్రాక్టుల్లో ఏజెన్సీ కమిషన్ గురించి

డల్లాస్_డేటా:

సభ్యులందరికీ నమస్కారం. నేను డల్లాస్ దగ్గర ఒక పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీలో డేటా ఇంజినీరుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. నా హెచ్-1బీ ఒక చిన్న తెలుగు కన్సల్టెన్సీ పేరిట ఉంది. మా ఒప్పందం 80–20. బిల్లింగ్ రేటు గంటకు 75 డాలర్లని, అందులో 80 శాతం నాదని చేరేటప్పుడే చెప్పారు. ఈ మధ్య క్లయింటు వైపు మేనేజరు బడ్జెట్ గురించి మాట్లాడుతూ, నా స్థానానికి తాము గంటకు 95 డాలర్లు చెల్లిస్తున్నామని మాటవరసకు అన్నారు. మా ఎంప్లాయరును అడిగితే తమకు వచ్చేది 75 మాత్రమేనని, ఇన్‌వాయిస్ చూపిస్తామని చెప్పారు గానీ ఇంతవరకు చూపించలేదు.

నాకు రెండు సందేహాలున్నాయి. ఆ 20 డాలర్లు ఎవరి దగ్గర ఆగుతున్నాయి? వచ్చే నెలలో ప్రాజెక్టు ఎక్స్‌టెన్షన్ ఉంది కాబట్టి, రేటు పెంచమని నేను ఎవరిని, ఎలా అడగాలి?

మోడరేటర్:

చర్చలో పాల్గొనేవారికి ఒక మనవి. కన్సల్టెన్సీల పేర్లు, వెండర్ల పేర్లు, రిక్రూటర్ల ఫోన్ నంబర్లు రాయవద్దు. విషయం మీద ఎంత వివరంగానైనా రాయండి.

ఎడిసన్_పాతకాపు:

డల్లాస్ గారూ, మీ ఎంప్లాయరు అబద్ధం చెబుతున్నారని వెంటనే అనుకోనక్కరలేదు. 95కూ 75కూ మధ్య ఆయనకు సంబంధం లేని ఇద్దరు ముగ్గురు ఉండి ఉంటారు.

పెద్ద క్లయింటు కంపెనీలు కాంట్రాక్టర్లను నేరుగా తీసుకోవు. వెండర్లను, అంటే మనుషులను సరఫరా చేసే సంస్థలను, నిర్వహించే వెండర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా గానీ, దాన్ని నడిపే మధ్యవర్తి సంస్థ ద్వారా గానీ తీసుకుంటాయి. ఫీల్డ్‌గ్లాస్, బీలైన్ వంటి పేర్లు మీరు టైమ్‌షీటు నింపే తెరమీద చూసే ఉంటారు. ఆ వ్యవస్థ రుసుమును చాలాచోట్ల వెండరుకు వచ్చే డబ్బులోంచే కోస్తారు. దాని కింద ప్రైమ్ వెండర్ ఉంటాడు. క్లయింటుతో మాస్టర్ ఒప్పందం ఉన్నది అతనికే. అతని కింద ఒక్కోసారి ఇంకొక వెండర్, ఆ కింద మీ ఎంప్లాయరు. లెక్క ఎలా ఉండవచ్చో చూపడానికి అంకెలు నేనే వేస్తున్నాను.

క్లయింటు ఇచ్చేది 95. సిస్టమ్ రుసుము 2 శాతం అనుకుంటే 1.90 పోయి 93.10 మిగులుతుంది. ప్రైమ్ వెండర్ 13.10 ఉంచుకుని 80కి కిందికి ఇస్తాడు. మధ్య వెండర్ 5 ఉంచుకుని 75కి ఇస్తాడు. మీ ఎంప్లాయరు 15 ఉంచుకుని మీకు 60 ఇస్తాడు. మొత్తం 35 డాలర్లు దారిలో ఆగాయి. మీకు 80 శాతం అని చెప్పినది, క్లయింటు చెల్లించిన దానిలో 63 శాతం.

ఈ గొలుసులో మీకు కనబడేది చివరి కొక్కెం ఒక్కటే. మీరు మీ ఎంప్లాయరుతో 80 కాదు 85 కావాలని పోట్లాడితే వచ్చేది గంటకు 3 డాలర్ల 75 సెంట్లు. మధ్య వెండర్ లేకుండా ఉంటే, ఎవరితోనూ పోట్లాడకుండానే 80 శాతం మీదే 4 డాలర్లు వచ్చి ఉండేవి. అందుకే ప్రాజెక్టు ఒప్పుకునేటప్పుడు శాతం కన్నా ముందు అడగవలసిన మాట, మధ్యలో ఎన్ని లేయర్లు ఉన్నాయని.

క్లౌడ్_రాజా:

నాకు 90–10 ఇస్తున్నారు. 80–20 ఈ రోజుల్లో ఎవరు ఒప్పుకుంటున్నారో అర్థం కావడం లేదు.

లెక్కల_కొలువు:

రాజా గారూ, 90–10 అని చెప్పి వదిలేయకుండా నాలుగు సంగతులు కూడా చెబితే నలుగురికీ ఉపయోగపడుతుంది. ఎంప్లాయరు కట్టవలసిన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను మీ 90లోంచి తీస్తున్నారా, వారి 10లోంచి తీస్తున్నారా? ఆరోగ్య బీమా ప్రీమియం ఎవరిది? సెలవు పెడితే జీతం ఉందా? ప్రాజెక్టు లేని నెలలో ఏమి ఇస్తున్నారు?

మొదటి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు కథ అందులోనే ఉంది. ఎంప్లాయరు వాటా సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేరుకు 1.45 శాతం, కలిపి 7.65 శాతం. చట్టప్రకారం ఇది యజమాని భారం. కానీ శాతం ఒప్పందాల్లో చాలామంది దీన్ని కన్సల్టెంటు వాటాలోంచే తీసి, మిగిలిన దాన్ని స్థూల జీతంగా చూపిస్తారు. డల్లాస్ గారి 60 డాలర్లను ఆ పద్ధతిలో 1.0765తో భాగిస్తే గంటకు 55 డాలర్ల 74 సెంట్లు. పే స్టబ్‌లో గ్రాస్ అని పడేది ఇదే. మళ్ళీ దీనిలోంచి ఉద్యోగి వాటాగా మరో 7.65 శాతం, ఆదాయపు పన్ను, బీమా పోతాయి. 95లో 55.74 అంటే 59 శాతానికి కూడా చేరదు. ఏడాదికి 2080 గంటల చొప్పున ఈ ఒక్క పన్ను బదిలీ విలువే దాదాపు 8,860 డాలర్లు.

రిక్రూటర్లు వాడే ఇంకొక లెక్క కూడా గమనించాలి. 60కి కొని 75కి అమ్మితే లాభం 15. దాన్ని 75 మీద లెక్కిస్తే 20 శాతం మార్జిన్, 60 మీద లెక్కిస్తే 25 శాతం మార్కప్. మీతో మాట్లాడేటప్పుడు తక్కువగా కనిపించే అంకె, పైవారితో మాట్లాడేటప్పుడు వారికి అలవాటైన అంకె వాడతారు. కాబట్టి శాతాల్లో బేరం మొదలుపెట్టినవారు సగం ఓడిపోయినట్టే. డాలర్లలో అడగండి: గంటకు మీరు ఎన్ని డాలర్లు ఉంచుకుంటున్నారు, అందులోంచి ఏయే ఖర్చులు భరిస్తున్నారు?

క్లౌడ్_రాజా:

పన్ను నా వాటాలోంచే తీస్తున్నారు. బీమా కూడా నాదే. సెలవుకు జీతం లేదు. ప్రాజెక్టు లేని కాలం, అంటే బెంచ్ ఇంకా రాలేదు.

లెక్కల_కొలువు:

అయితే మీ 90ని, బీమా, సెలవులు ఇచ్చి పన్ను తామే భరించే ఒక 80తో పక్కపక్కన పెట్టి కూడి చూడండి. తేడా మీరు అనుకున్నంత ఉండదు.

కన్సల్టెన్సీ_నడిపేవాడు:

నేను అవతలి పక్షం మనిషిని. పదిమంది లోపు కన్సల్టెంట్లున్న చిన్న కంపెనీ నడుపుతున్నాను. ఇక్కడ చాలామంది 20 శాతాన్ని ఊరికే వచ్చిన సొమ్ములాగా మాట్లాడుతున్నారు కాబట్టి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పైవారు మాకు డబ్బు ఇచ్చేది నెట్ 45, నెట్ 60 పద్ధతిలో, అంటే ఇన్‌వాయిస్ పంపిన 45, 60 రోజులకు. జనవరి పనికి 31వ తేదీన ఇన్‌వాయిస్ పంపితే నెట్ 60 ప్రకారం ఏప్రిల్ ఒకటో తేదీకి సొమ్ము వస్తుంది. ఈలోపు జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతాలు మేము ఇచ్చేసి ఉంటాము. నెలకు 160 గంటలు, గంటకు 60 చొప్పున ఒక్క మనిషి మీద దాదాపు 29 వేల డాలర్లు మా జేబులోంచి బయట తిరుగుతూ ఉంటాయి. బ్యాంకు అప్పు దొరకనివారు ఇన్‌వాయిస్‌లను, రావలసిన బిల్లులను ముందే కొనే ఫ్యాక్టరింగ్ కంపెనీకి తక్కువకు ఇచ్చుకుంటారు. ప్రైమ్ వెండర్ చెల్లించకుండా ఆపేసినా కన్సల్టెంటు జీతం ఆపే హక్కు మాకు లేదు.

హెచ్-1బీ ఖర్చు చూడండి. 25 మందికి మించని చిన్న యజమానికి పిటిషన్ రుసుము 460, శరణార్థి కార్యక్రమ రుసుము 300, శిక్షణ రుసుము 750, మోసాల నిరోధక రుసుము 500, వెరసి 2,010 డాలర్లు. పెద్ద కంపెనీకైతే 780, 600, 1,500, 500 కలిపి 3,380. లాటరీ రిజిస్ట్రేషను 2025 నుంచి మనిషికి 10 డాలర్లు కాస్తా 215 అయింది. అటార్నీ ఫీజు వేరు. ఎంపిక కానివారి 215 ఎవరిస్తారు? ఇవన్నీ భరించి, బీమా, అకౌంటెంటు, రాష్ట్ర నిరుద్యోగ పన్ను కట్టిన తర్వాత మిగిలేది మీరు ఊహించుకునేంత లేదు.

ఎడిసన్_పాతకాపు:

మీ మాటల్లో న్యాయం ఉంది. నెట్ 60 బాధ నిజమైనదే. అయితే ఒక సంగతి అడుగుతాను. గంటకు 15 డాలర్ల చొప్పున ఏడాదికి 31,200 డాలర్లు. మొదటి ఏడాది మీరు పెట్టుబడి పెట్టారు, వీసా ఖర్చు భరించారు, ప్రాజెక్టు వెతికారు కాబట్టి ఆ 20 శాతం అర్థమవుతుంది. రెండో ఏడాది నుంచి అదే క్లయింటు, అదే కుర్చీ, కొత్త మార్కెటింగ్ లేదు. మీరు ముందుగా పెట్టిన 29 వేలు తిరుగుతూనే ఉంటాయి గానీ పెరగవు. మరి నాలుగో ఏట కూడా 20 శాతం ఎందుకు? పైగా బిల్లింగు 75 నుంచి 90 అయితే మీ వాటా 15 నుంచి 18 అవుతుంది. మీ ఖర్చు ఎక్కడ పెరిగింది?

కన్సల్టెన్సీ_నడిపేవాడు:

పాతవారికి మేము 85 చేస్తాము. అడిగినవారికి చేస్తాము.

ఎడిసన్_పాతకాపు:

అడిగినవారికి! కొత్తగా చేరినవారందరూ ఈ రెండు ముక్కలు గుర్తుంచుకోవాలి.

వీసా_కాగితాలు:

నేను అటార్నీని కాను. ఒక ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో చాలాకాలం పారాలీగల్‌గా పనిచేశాను. రాజా గారు “బెంచ్ ఇంకా రాలేదు” అన్నారు గనుక ఇది రాస్తున్నాను. శాతం ఒప్పందం ఎలా ఉన్నా, హెచ్-1బీ వారికి దాని కింద ఒక నేల ఉంది. అదే, హెచ్-1బీ కోసం యజమాని లేబర్ శాఖకు పెట్టే లేబర్ కండిషన్ అప్లికేషన్‌ (ఎల్‌సీఏ)లో రాసిన జీతం. ఆ ఉద్యోగానికి ఆ ప్రాంతంలో నడుస్తున్న వేతనం, యజమాని అదే పనికి ఇతరులకు ఇస్తున్న వేతనం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. ప్రాజెక్టు లేకపోయినా ఇవ్వాలి. పని లేదు గనుక జీతం లేదనడం, లేదా బెంచ్‌లో ఇచ్చిన జీతాన్ని తర్వాతి నెలల్లో కోసుకోవడం నిబంధనలకు విరుద్ధం. ఉద్యోగి తన సొంత అవసరం కోసం సెలవు అడిగిన సందర్భం మాత్రం వేరు. అందుకే కొందరు యజమానులు బెంచ్‌లో ఉన్నవారి చేత సెలవు కావాలని మెయిల్ పెట్టించుకుంటారు. అటువంటి మెయిల్ పెట్టవద్దు.

జీతం కనీసం నెలకొకసారి రావాలి. క్లయింటు డబ్బు రాలేదన్నది నెలజీతం ఆపడానికి కారణం కాదు. పైన చెప్పిన 750 లేదా 1,500 డాలర్ల శిక్షణ రుసుమును ఉద్యోగి నుంచి ఏ రూపంలోనూ రాబట్టకూడదు. పిటిషన్ ఖర్చు, అటార్నీ ఫీజు యజమాని వ్యాపార ఖర్చులు కాబట్టి, వాటిని కోసుకోవడం వల్ల జీతం ఎల్‌సీఏ అంకె కిందికి దిగకూడదు. గ్రీన్‌కార్డు మొదటి దశ అయిన పర్మ్ ఖర్చులు, ఆ దశ అటార్నీ ఫీజు 2007 జులై నుంచి పూర్తిగా యజమానివే. చాలామంది ఇది తెలియక కడుతున్నారు.

ఎల్‌సీఏ నకలు పనిలో చేరే రోజుకల్లా మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే అడగండి. యజమాని దగ్గర ఆ దరఖాస్తుకు సంబంధించిన పబ్లిక్ యాక్సెస్ ఫైలు ఉండాలి, అందులో మీ వేతన రేటు ఉంటుంది. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. జీతం ఎగ్గొడితే లేబర్ శాఖలోని వేజ్ అండ్ అవర్ విభాగానికి డబ్ల్యూహెచ్-4 ఫారంలో, ఉల్లంఘన జరిగిన 12 నెలల లోపు ఫిర్యాదు చేయాలి.

ఇంకొక వైపు కూడా చెప్పాలి. ఎల్‌సీఏ జీతం దాటిన తర్వాత మీకు, ఎంప్లాయరుకు మధ్య 80–20యా 70–30యా అన్నదాన్ని ఈ నిబంధనలు పట్టించుకోవు. ప్రైమ్ వెండర్ తన మార్జిన్ ఎంతో మీకు చెప్పి తీరాలన్న ఫెడరల్ చట్టం కూడా లేదు. అక్కడ బేరమే గతి.

లండన్_కాంట్రాక్టర్:

మా వైపు ఎలా ఉంటుందో క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో పని వెతికిపెట్టినందుకు ఏజెన్సీ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడాన్ని 1973 చట్టమే నిషేధించింది. 2003 కండక్ట్ రెగ్యులేషన్ల ప్రకారం, క్లయింటు తమకు చెల్లించలేదన్న సాకుతో ఏజెన్సీ కాంట్రాక్టరు సొమ్ము ఆపకూడదు. టైమ్‌షీటు మీద సంతకం లేకపోయినా, పని చేశామని రుజువైతే చెల్లించాలి. అయితే సొంత లిమిటెడ్ కంపెనీ ద్వారా పనిచేసేవారి ముందు ఆ నిబంధనలు మాకు వర్తించవద్దని రాసిచ్చే కాగితం పెడతారు. చాలామంది చదవకుండానే సంతకం చేస్తారు. ఆ రక్షణ అక్కడితో పోతుంది.

2020 ఏప్రిల్ నుంచి ఏజెన్సీ వర్కర్లకు ‘కీ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్’ ఇవ్వాలి. రేటు ఎంత, అందులోంచి ఏమేమి పోతాయి, చివరికి చేతికి ఎంత వస్తుందో ఉదాహరణతో అందులో ఉండాలి. అయినా ఏజెన్సీ తన మార్జిన్ ఎంతో చెప్పవలసిన పని లేదు. కాంట్రాక్టర్లను తన ఉద్యోగులుగా పెట్టుకుని జీతం ఇచ్చే అంబ్రెల్లా కంపెనీలో చేరినవారికి మీ 7.65 శాతం కథే ఎదురవుతుంది. 2025 ఏప్రిల్ నుంచి యజమాని నేషనల్ ఇన్సూరెన్స్ 15 శాతం అయింది. అది ఏజెన్సీ చెప్పిన రేటులోంచే పోతుంది. రోజుకు 500 పౌండ్లని విని చేరినవారు మొదటి పే స్లిప్ చూసి నోరెళ్ళబెట్టడం మామూలే.

మాదాపూర్_హెచ్‌ఆర్:

హైదరాబాదు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇక్కడ శాశ్వత ఉద్యోగానికి మనిషిని ఇచ్చిన ఏజెన్సీకి కంపెనీలు వాడుకగా 8.33 శాతం, అంటే వార్షిక సీటీసీలో ఒక నెల జీతం, ఇస్తాయి. అది కంపెనీ జేబులోంచే పోతుంది. థర్డ్ పార్టీ పేరోల్ మీద కాంట్రాక్టు అయితే మార్కప్ పద్ధతి. యజమాని వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కూడా సీటీసీలోనే చూపిస్తారు. క్లయింటు మీద వేసే 18 శాతం జీఎస్టీని కూడా చూపించి, “మీకోసం ఇంత చెల్లిస్తున్నారు” అని అభ్యర్థితో అనే రిక్రూటర్లను చూశాను. ఆ పన్నుకూ అభ్యర్థికీ సంబంధం లేదు. ఉద్యోగం ఇప్పించడానికి అభ్యర్థి దగ్గరే డబ్బు అడిగితే అది ఏజెన్సీ కాదు, ఇంకేదో.

అట్లాంటా_అక్క:

ఇంతవరకు వచ్చినవన్నీ లెక్కలు, చట్టాలు. నాకు తోచిన మాట ఒకటి చెబుతాను. ఈ శాతాలు ఏజెన్సీ చేసే పనికి కట్టిన ధరలు కావు. ఎదుటి మనిషి ఎంత కదలగలడన్న దానికి కట్టిన ధరలు. అదే కన్సల్టెన్సీ, అదే రిక్రూటరు, అదే క్లయింటు. ఓపీటీ (చదువు తర్వాత విద్యార్థులకు ఇచ్చే పని అనుమతి) మీద వచ్చిన పిల్లకు 70–30, హెచ్-1బీ వచ్చాక 80–20, గ్రీన్‌కార్డు చేతికి రాగానే 85, 90. సొంత కార్పొరేషన్ పెట్టుకున్న సిటిజన్ అయితే గంటకు నాలుగైదు డాలర్లు ఉంచుకుని మిగతాది ఇచ్చేస్తారు. ఆ మనిషి మీద వారు చేసే పని దాదాపు ఒకటే. వీసా ఖర్చు తేడా ఉన్న మాట నిజమే గానీ, పైన ఆయన చెప్పిన 2,010 డాలర్లకూ ఏటా వేలల్లో వచ్చే తేడాకూ పొంతన లేదు.

కాబట్టి శాతం పెంచుకోవాలంటే ముందు మీ కదలికను పెంచుకోవాలి. మీకు ఎంత కదలిక ఉందో మీకే తెలియకపోవడం ఎంప్లాయరుకు లాభం. హెచ్-1బీ మీద ఉన్నవారు, కొత్త యజమాని పిటిషన్ దాఖలు చేసిన నాటి నుంచే అక్కడ పని మొదలుపెట్టవచ్చు. ఇది 2000 నుంచి ఉన్న వెసులుబాటు. ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గడువు 2017 నుంచి ఉంది. ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే పిటిషన్, ఆమోదం పొంది 180 రోజులు గడిస్తే, పాత యజమాని వెనక్కి తీసుకున్నంత మాత్రాన ఆ ఆమోదం రద్దు కాదు. గ్రీన్‌కార్డు వరుసలో మీ స్థానాన్ని చెప్పే ప్రయారిటీ తేదీ మీదే. కొత్త చోట పర్మ్ మళ్ళీ మొదటి నుంచి చేయాలన్నది మాత్రం నిజం. మా ఇంట్లోనే ఒకరు ఐ-140 పోతుందన్న భయంతో ఆరేళ్ళు 75 శాతం మీద ఉన్నారు. అందులో చాలా ఏళ్ళు ఆ భయానికి ఆధారమే లేదు.

క్లౌడ్_రాజా:

అక్కా, హెచ్-1బీ మీద లక్ష డాలర్ల రుసుము వచ్చాక ఎంప్లాయరును మారడం ఎలా సాధ్యం? మా వాళ్ళు అదే చెబుతున్నారు.

వీసా_కాగితాలు:

అది 2025 సెప్టెంబరు 21 నుంచి దాఖలైన కొత్త పిటిషన్లకు, ముఖ్యంగా దేశం బయట ఉన్నవారి కోసం వేసే వాటికి సంబంధించినది. అమెరికాలోనే చెల్లుబాటయ్యే హోదాలో ఉండి యజమానిని మారేవారికి, పొడిగింపు కోరేవారికి అది వర్తించదని ఇమ్మిగ్రేషన్ సంస్థ అదే ఏడాది అక్టోబరులో స్పష్టం చేసింది. విధానాలు మారుతూ ఉంటాయి కాబట్టి, మారే ముందు మీ సొంత అటార్నీని అడగండి. ఎంప్లాయరు అటార్నీ ఎంప్లాయరు మనిషి.

డల్లాస్_డేటా:

అందరికీ ధన్యవాదాలు. ఐ-140 ఆమోదమై రెండేళ్ళు దాటింది. పై గొలుసులో ప్రైమ్ వెండర్ ఎవరో కనుక్కున్నాను. క్లయింటుకూ మా ఎంప్లాయరుకూ మధ్య ఇద్దరు కాదు, ఆ ఒక్క వెండరే ఉన్నాడు. నేను ఆ ప్రైమ్ వెండరుకే నేరుగా డబ్ల్యూ-2 మీద, అంటే వారి సొంత ఉద్యోగిగా, వెళ్ళిపోవచ్చా? ఆఫర్ లెటరులో క్లయింటు దగ్గరికి గానీ వెండరు దగ్గరికి గానీ ఏడాదిపాటు వెళ్ళరాదని ఒక క్లాజు ఉంది. లేదా ఇక్కడే ఉండి అడగడం మంచిదా?

ఎడిసన్_పాతకాపు:

క్లాజు ఏ రాష్ట్రంలో పనిచేస్తుందన్నది ముందు చూడాలి. కాలిఫోర్నియాలో అయితే ఇటువంటి నిషేధాలు దాదాపు చెల్లవు. టెక్సాస్‌లో కాలం, ప్రాంతం, పని పరిధి సబబుగా ఉన్నాయనుకుంటే కోర్టులు అమలు చేస్తాయి. అన్ని రాష్ట్రాలకూ వర్తించేలా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నిషేధాన్ని 2024 ఆగస్టులో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టే కొట్టివేసింది. పైగా మీ కాగితం ఒక్కటే కాదు, మీ ఎంప్లాయరుకూ ఆ వెండరుకూ మధ్య వేరే ఒప్పందం ఉంటుంది. ప్రైమ్ వెండరు దానికి భయపడి మిమ్మల్ని తీసుకోకపోవచ్చు.

నా సలహా, ఇక్కడే ఉండి అడగండి, కానీ 85 అడగవద్దు. “మీ వాటా గంటకు 15 డాలర్ల దగ్గర ఆపండి, బిల్లింగు 75కు మించి ఎంత పెరిగినా అది నాది” అని ఎంప్లాయరును అడగండి. ఎక్స్‌టెన్షనులో 75 కాస్తా 80 అయితే 80 శాతం పద్ధతిలో మీకు వచ్చేది 64. ఈ పద్ధతిలో 65. ఒక్క డాలరే కదా అనిపిస్తుంది. 95 వరకు వెళ్ళినప్పుడు 76కూ 80కూ తేడా చూసుకోండి.

కన్సల్టెన్సీ_నడిపేవాడు:

మరి క్లయింటు రేటు తగ్గిస్తే? ఏటా 5 శాతం డిస్కౌంటు అడిగే క్లయింట్లు ఉన్నారు. స్థిరమైన డాలర్లంటే ఆ కోత మొత్తం కన్సల్టెంటు నెత్తిన పడుతుంది. అలా కాకుండా పెరిగితే మీది, తగ్గితే మాది అంటే ఏ ఎంప్లాయరూ ఒప్పుకోడు.

ఎడిసన్_పాతకాపు:

మంచి ప్రశ్న. తగ్గినప్పుడు ఇద్దరూ సగం సగం అని రాసుకోండి. 75 మీద 5 శాతం కోత అంటే 3.75. ఎంప్లాయరు 13.12కు దిగుతాడు, ఈయన 58.13కు. ఇద్దరికీ నొప్పి తెలుస్తుంది కాబట్టి ఇద్దరూ వెండరుతో గట్టిగా మాట్లాడతారు.

అట్లాంటా_అక్క:

డల్లాస్ తమ్ముడూ, ఎక్స్‌టెన్షన్ కాగితం పైనుంచి దిగకముందే అడగాలి. కొత్త పర్చేజ్ ఆర్డరు మీద సంతకాలు అయ్యాక రేటు మార్చడం ఎవరికీ ఇష్టముండదు. ముందు క్లయింటు మేనేజరుతో మాట్లాడు. నువ్వు లేకపోతే పని ఆగుతుందన్న మాట ఆయన నోట ప్రైమ్ వెండరు చెవిన పడితే, నీ ఎంప్లాయరు నెలరోజులు చేసే ఫోన్ల కన్నా ఎక్కువ పనిచేస్తుంది. కానీ 95 సంగతి నీకు తెలుసని ఆయన పేరు చెప్పి ఎక్కడా అనవద్దు. ఆయన ఆ మాట అనకూడనిది, ఒప్పందాల్లో గోప్యత షరతులుంటాయి. రెండోది, పెరిగిన రేటు నిజంగా కిందికి దిగిందో లేదో తెలియాలంటే, పర్చేజ్ ఆర్డరు సవరణలో రేటు కనిపించే పేజీ నకలు ఇవ్వాలన్న వాక్యం నీ ఒప్పందంలో చేర్పించు. ఇన్‌వాయిస్ చూపిస్తామని నోటితో అనడం వేరు, రాసివ్వడం వేరు.

డెంటన్_విద్యార్థిని:

పెద్దలకు నమస్కారం. నేను మాస్టర్స్ పూర్తిచేసి ఓపీటీ మీద ఉన్నాను. ఒక కన్సల్టెన్సీ వారు శిక్షణకు కొంత డబ్బు ముందుగా కట్టమని, ప్రాజెక్టు వచ్చాక 70–30 అని అంటున్నారు. పన్నులు ఎక్కువగా ఉంటాయి కాబట్టే 30 తీసుకుంటామని చెప్పారు. ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటకూడదన్న భయం వల్ల సరే అనాలనిపిస్తోంది.

లెక్కల_కొలువు:

అమ్మాయీ, వారు చెప్పిన కారణం తలకిందులుగా ఉంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి పన్ను లెక్కల్లో నాన్-రెసిడెంటుగా ఉన్న విద్యార్థులకు, సాధారణంగా మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు వర్తించవు. నీకూ లేదు, వారికీ లేదు. హెచ్-1బీ మనిషి మీద వారు కట్టవలసిన 7.65 శాతం నీ మీద మిగులుతుంది. వీసా పిటిషన్ ఖర్చు కూడా ఇప్పుడు లేదు. ఖర్చు తక్కువైన మనిషి దగ్గర 10 శాతం ఎక్కువ ఎందుకు తీసుకుంటున్నారో వారినే అడుగు. ముందుగా డబ్బు మాత్రం కట్టవద్దు. పని ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గానీ ఎదురు అడగడు.

వీసా_కాగితాలు:

90 రోజుల లెక్క నిజమే. సైన్స్, టెక్నాలజీ వంటివి చదివినవారికి ఇచ్చే స్టెమ్ ఓపీటీ పొడిగింపు వస్తే మొత్తం 150 అవుతుంది. అయితే ఆ పొడిగింపుకు యజమాని, ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ అయిన ఈ-వెరిఫైలో ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయాలి, అదే పని చేసే అమెరికన్లతో సమానంగా నీకు జీతం, పని పరిస్థితులు ఉండాలి. ఈ కన్సల్టెన్సీ వారిని ఐ-983లో జీతం గడిలో ఏ అంకె రాస్తారో ఇప్పుడే అడిగి చూడు. జవాబు నాన్చితే అక్కడితో వదిలెయ్యి. ఎక్కడ చేరినా మొదటి పే స్టబ్ రాగానే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అన్న రెండు వరుసల్లో కోత ఉందేమో చూడు. ఉంటే ముందు యజమానిని వాపసు అడగాలి. వారు ఇవ్వకపోతే 843 ఫారంతో నేరుగా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌ను అడగవచ్చు. మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ఆ ఫారం నింపడంలో సాయం దొరుకుతుందేమో అడుగు.